పదకొండు లైన్ల పిచ్చుక

మూడో అంతస్తు, కిటికీ పక్క బల్ల
జూన్ 3

పిన్నీ,

బాగున్నావా అని అడగను. బాగోకపోతే ఈపాటికి తిట్లతో ఉత్తరం వచ్చి ఉండేది. ఫోన్ చెయ్యొచ్చుగా అంటుంది అమ్మ. ఇరవై రెండేళ్లు మరమగ్గాల మోతలో నానిన చెవులు నీవి. ఫోన్లో నేను చెప్పేదాంట్లో సగం నీకు వినపడదు, మిగతా సగం నువ్వే కల్పించుకుంటావు. కాగితమే నయం.

ఇవాళ పొద్దున ఏం జరిగిందో తెలుసా? పని చేసింది! మా భాష పని చేసింది! ఇక్కడ కూర్చుని రెండేళ్లుగా ఏం వెలగబెడుతున్నావని అడిగావు కదా, చెబుతా విను. ప్రోగ్రాములు రాసేవాళ్లు కొత్తవి రాసేది తక్కువ పిన్నీ. బతుకంతా పాతవి మార్చడంతోనే గడిచిపోతుంది. ఇక్కడ ఒక లైను కదిపితే ఎక్కడో అరవై లైన్ల కింద ఇంకేదో కూలుతుంది. అందుకని మేం ఒక కొత్త భాష కడుతున్నాం. అందులో రాసిన ప్రోగ్రామును మనిషి కాదు, కంప్యూటరే తీసి, తిప్పి, సర్ది, వేరేలా రాసిపెట్టగలగాలి. అర్థం మాత్రం వెంట్రుకవాసి మారకూడదు.

పొద్దున ఒక ప్రోగ్రాముని దానికిచ్చాం. లోపలిది బయటికి, బయటిది లోపలికి తీసి మళ్లీ రాసింది. జవాబు అచ్చం అదే! నేను కుర్చీలోంచి లేచి గంతులేశాను. మా పెద్దాయన గంతులెయ్యడు. ఆయన్ని మేం కత్తెర అంటాం, భాషలోకి నేను ఏం తెచ్చినా "ఇది తీసెయ్" అనడమే ఆయన పని. ఆయన కూడా ఇవాళ "ఊఁ" అన్నాడు. ఆ ఊఁ కోసం రెండేళ్లు కాచుకున్నాను.

పిచ్చుక

*

మిల్లు, డిజైను గది
జూన్ 11

పిచ్చుకా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అర్థమై కంగారు పుట్టింది, ఎందుకంటే ఆ "పాతవి మార్చే" గోల ఇప్పుడు నా నెత్తి మీదే ఉంది.

మేనేజరు పోయిన వారం పిలిచాడు. కొత్త మగ్గాలు వస్తున్నాయట. అక్టోబరు ఒకటో తారీకున పాతవి విప్పి పాత ఇనుముకి తోలేస్తారు. పాత మగ్గం వెడల్పుకి రెండు వేల నాలుగు వందల పడుగు పోగులు, కొత్తదానికి మూడు వేలు. పాతదానికి రాసిన ప్రోగ్రాము కొత్తదానికి ఒక్క ముక్క అర్థం కాదు. "మీ బొమ్మలు అప్పటికి మార్చగలిగితే ఉంచుదాం. లేకపోతే రెడీమేడ్ డిజైన్లు కొనేస్తాం" అన్నాడు. చాలా మర్యాదగా అన్నాడు. మర్యాదగా అన్నవే ఎక్కువ కాలుస్తాయి.

నా బొమ్మలు మూడు వందల పన్నెండు. ఒక్కొక్కటీ చేత్తో రాసిన ప్రోగ్రాము. చేత్తో మార్చాలంటే బొమ్మకి పది రోజులు. లెక్క నువ్వే వేసుకో, నాకు వెయ్యాలని లేదు. ఇన్నేళ్ల పని, వేరే ఎక్కడా లేదు, ఆ మగ్గాల్లోనే ఉంది.

నీ భాష దీనికి పనికొస్తుందా? రాకపోతే రాదని చెప్పు, ఏమీ అనుకోను. అనుకుంటాను, కానీ పైకి చెప్పను.

పిన్ని

*

మూడో అంతస్తు
జూన్ 17

పిన్నీ!

పనికొస్తుందా ఏంటి! దీనికోసమే పుట్టింది! నీ ఉత్తరం చేత్తో పట్టుకుని కత్తెర గదిలోకి పరిగెత్తాను. తలుపు కొట్టడం కూడా మర్చిపోయాను. ఆయన మొత్తం చదివి "మీ పిన్ని బాగా రాస్తారు" అన్నాడు. అది కాదు సార్, మూడు వందల పన్నెండు అసలైన ప్రోగ్రాములు సార్, అన్నాను. అప్పుడు కళ్లజోడు తీశాడు. ఆయన కళ్లజోడు తీశాడంటే ఒప్పుకున్నట్టే.

మొత్తం ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి పంపెయ్. ఒక్కటి కూడా మిగల్చకు. నువ్వు సిగ్గుపడేవి కూడా.

నీ పిచ్చుక

*

మూడో అంతస్తు
జులై 2

పిన్నీ,

వారం రోజులుగా నీ ప్రోగ్రాములు చదువుతున్నాను. నువ్వు మనిషివా రాక్షసివా?

అరవై ఒకటో బొమ్మలో పెట్టె 7 ఉంది కదా. మొదటి సగంలో అందులో ఎర్రపోగుల లెక్క దాచావు. సగం కాగానే అదే పెట్టెలో ఆకు వంపు ఎంతో దాచావు. చివర్లో మళ్లీ అదే పెట్టెలో ఇంకేదో! ఇలా ఉంటే ఒక్క లైను కూడా ఎత్తి పక్కన పెట్టలేను. ఆ లైను "పెట్టె 7" అంటుంది, ఆ క్షణాన లోపల ఏముందో తెలియాలంటే మొదట్నుంచీ మొత్తం నడిపి చూడాలి. మా భాషలో ఒక పేరు పెడితే చచ్చేదాకా దానికి ఒకటే అర్థం. అందుకే ముక్కని ఎక్కడికి మోసుకెళ్లినా దాని అర్థం దానితోనే వస్తుంది.

ఇంకో సంగతి. నీ ప్రోగ్రాముల్లో 1199 అనే అంకె వెయ్యి చోట్ల ఉంది. సున్నా నుంచి లెక్కపెట్టావు కాబట్టి 1199 అంటే మగ్గం మధ్య పోగు అని కనిపెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. కానీ నూట నలభైయ్యో బొమ్మలో 1199 అంటే మధ్య కాదు, ఊరికే ఒక పువ్వు చివర! కొత్త మగ్గంలో మధ్య 1499 అవుతుంది. పువ్వు చివర కూడా 1499 అయిందా, ఆ పువ్వుకి ఏనుగు తొండం వస్తుంది. ఏది మధ్యో, ఏది పువ్వో నువ్వు చెప్పలేదు, అంకె వేసి ఊరుకున్నావు. మా భాషలో "మధ్య" అని రాస్తాం. మగ్గం మారితే మధ్య తనంతట తనే జరుగుతుంది.

కోప్పడకు. ప్రేమతోనే తిడుతున్నాను.

పిచ్చుక

*

మిల్లు
జులై 9

ఏమే పిచ్చుకా,

రాక్షసినే. ఆ మగ్గం జ్ఞాపకంలో ఉన్నవి మొత్తం పదహారు పెట్టెలు, అంతే. పదహారు గదుల ఇంట్లో రెండు వేల నాలుగు వందల పోగులు కాపరం చెయ్యాలి. ఒకే గదిని పొద్దున ఒకరికి, సాయంత్రం ఇంకొకరికి ఇవ్వక ఏం చెయ్యమంటావు? నీలాగా పేరుకొక మేడ కట్టించే యోగం మాకెక్కడిది. ఆ పెట్టె 7 పని చూసి పాత మేనేజరు చప్పట్లు కొట్టాడు, తెలుసా.

సరే, నీ ప్రశ్నలకి జవాబులు. దీంతో పాటు పెట్టిన కాగితాల్లో ప్రతి 1199కీ ఎదురుగా మధ్యయితే మ, పువ్వయితే పు అని రాశాను. ఎనిమిది కాగితాలు. రాస్తుంటే ఒక సంగతి గమనించాను, ఒక్కదానికీ తడుముకోలేదు. అన్నీ గుర్తున్నాయి. మా సూపర్‌వైజరు పేరు పొద్దున మర్చిపోయాను కానీ ఎనభై రెండో బొమ్మలో తీగ ఎన్నో పోగు దగ్గర మలుపు తిరుగుతుందో అడుగు, చెబుతా.

ఆ "మధ్య" అని రాయడం మాత్రం నాకు నచ్చింది. పైకి ఒప్పుకోవడం ఇదే మొదలు, ఇదే ఆఖరు.

పిన్ని

*

మూడో అంతస్తు
ఆగస్టు 5

పిన్నీ,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు, వేళ్లు ఆగడం లేదు. నియమాలు దొరికాయి! పంతొమ్మిది. ఒక బొమ్మని అద్దంలో తిప్పి మళ్లీ తిప్పితే మొదటి బొమ్మే. రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టి మొత్తాన్ని తిప్పినా, విడివిడిగా తిప్పి చోట్లు మార్చినా ఒకటే. ఇలాంటివి. ఇందులో ఏముంది, ఇది నాకెప్పుడో తెలుసంటావు. నీకు తెలుసు, మగ్గానికి తెలియదు! ఇప్పుడు కంప్యూటరుకి తెలుసు. ఈ నియమాలు పట్టుకుని నాలుగు వరసల బొమ్మని తనే అయిదు వరసలు చేస్తోంది. నిన్న నీ పన్నెండో బొమ్మ, ఆ తామర తీగ, తెర మీద మూడు వేల పోగుల్లో విచ్చుకుంటే కత్తెర కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. అరగంట లేవలేదు.

ఒక్క విషయం అడగాలి. నీ మూడు వందల పన్నెండు ప్రోగ్రాముల చివర్లోనూ ఒకే పదకొండు లైన్లు ఉన్నాయి. అవి చేసే పని వింతగా ఉంది, ప్రోగ్రాము తన లైన్లు ఎన్నున్నాయో తనే లెక్కపెట్టుకుంటుంది! ఆ లెక్కతో ఏదో చేసి, ఎడమ అంచులో ఉన్న ఇరవై నాలుగు పోగుల మీదికి పంపుతుంది. ఆ అంచుని దర్జీ ఎలాగూ కత్తిరించి పారేస్తాడు కదా? పైగా కొత్త మగ్గం అంచు తనే కుట్టేసుకుంటుంది. ఇంకా కొన్నిట్లో ఏ పనీ చెయ్యని ఖాళీ లైన్లు ఒకటో రెండో దొరికాయి.

తన లైన్లు తను లెక్కపెట్టుకునే ప్రోగ్రాముని మేం ముట్టుకోలేం పిన్నీ. ఒక్క లైను తగ్గించినా దాని లెక్క మారిపోతుంది. అందుకే మా భాషలో అది కుదరదు, కత్తెర మొదటి రోజే కత్తిరించేశాడు. ఇంతకీ ఆ పదకొండు లైన్లు దేనికి?

పిచ్చుక

*

మిల్లు
ఆగస్టు 12

పిచ్చుకా,

ఆ లైన్లు దేనికో గుర్తులేదు. పాతవి. తీసెయ్.

మీ అమ్మకి నడుము నొప్పి తగ్గిందా? ఇక్కడ కొత్త మగ్గాలకి నేల తవ్వుతున్నారు. గదంతా దుమ్ము.

పిన్ని

*

మూడో అంతస్తు
సెప్టెంబరు 2

పిన్నీ పిన్నీ పిన్నీ,

మూడు వందల పన్నెండుకి మూడు వందల పన్నెండు! అన్నీ! పాత బొమ్మా కొత్త బొమ్మా పక్కపక్కన పెట్టి పోగు పోగూ సరిచూశాం. ఒక్క తేడా లేదు. రెండేళ్ల పని, నీ ఇరవై రెండేళ్ల పనీ ఒక్క మధ్యాహ్నంలో కలిసి నిలబడ్డాయి. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి, కత్తెర మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

ఇప్పుడు ధైర్యంగా ఒక నిజం చెబుతాను. జూన్లో "దీనికోసమే పుట్టింది" అని రాశాను కదా, అప్పటికి మా భాష చూసిన అతిపెద్ద ప్రోగ్రాము ఇరవై లైన్లు. నీది అతి చిన్నది తొంభై. రాసి పోస్టులో వేశాక మెట్ల మీద కూర్చుండిపోయాను. నువ్వు నమ్మావు కాబట్టి పారిపోలేకపోయాను.

పెన్‌డ్రైవ్ పంపుతున్నాను. మొదటి బట్ట నేసిన వెంటనే రాయి. పొడుగ్గా రాయి!

నీ పిచ్చుక

*

మిల్లు
సెప్టెంబరు 10

పిచ్చుకా,

కొత్త మగ్గం మీద నాలుగు బొమ్మలు నేసి చూశాం. అన్నీ బాగా వచ్చాయి. మేనేజరు సంతోషించాడు. మీ పెద్దాయనకి నా నమస్కారం చెప్పు.

పిన్ని

*

మూడో అంతస్తు
సెప్టెంబరు 15

పిన్నీ,

నీ ఉత్తరం చేతిలో పట్టుకుని తిప్పి చూశాను, వెనక ఇంకేమైనా ఉందేమోనని. నువ్వు నాలుగు లైన్ల ఉత్తరం రాసే మనిషివి కాదు. బొమ్మ బాగా రాలేదేమోనని భయపడి అన్నీ మళ్లీ చూశాను. బాగానే ఉన్నాయి.

అప్పుడు ఆ "గుర్తులేదు" గుర్తొచ్చింది. ఎనిమిది కాగితాల 1199లు తడుముకోకుండా రాసిన మనిషికి, తను మూడు వందల పన్నెండుసార్లు రాసిన పదకొండు లైన్లు గుర్తులేవా? నేనెంత మొద్దుని! ఇంకో తప్పు కూడా చేశాను, అది ముందే ఒప్పుకుంటాను. పోగు పోగూ సరిచూశామని రాశానే, అంచులు కత్తిరించి సరిచూశాం. ఎలాగూ పోయేవే కదా అనుకుని. నిన్నడక్కుండా.

ఇవాళ గళ్ల కాగితం తీసుకుని, ఆ పదకొండు లైన్లని చేత్తో నడిపాను, ఒక్కో గడీ నింపుకుంటూ. ఆరో వరసలో ముక్కు వచ్చింది. పదో వరసలో కన్ను. ఇరవయ్యో వరసకి తోక వచ్చేసరికి కాగితం మీద గళ్లు కనపడటం మానేశాయి.

పిచ్చుక. నేను.

అన్ని బట్టల్లోనూనా పిన్నీ? ఇన్నేళ్లూనా? తీసెయ్యమని ఎలా రాశావు? నీ మీద ఎంత కోపంగా ఉందో చెప్పలేను. వెంటనే రాయి. పాత మగ్గాలు పోవడానికి పదిహేను రోజులే ఉంది.

*

మిల్లు, డిజైను గది
సెప్టెంబరు 19

పిచ్చుకా,

సరే, విను. నీకు నాలుగేళ్లు. సెలవుల్లో మీ అమ్మ నిన్ను నా దగ్గర వదిలింది. రోజంతా ఈ బల్ల కిందే కూర్చుని దారపు ముక్కలు ఏరుకునేదానివి. ఒకరోజు పైకి తల పెట్టి, "పిన్నీ, నన్ను కూడా బట్టలో పెట్టవా?" అన్నావు. పెట్టాను. మేనేజరు కంట పడకుండా అంచులో పెట్టాను. ఆ తర్వాత బొమ్మకొకటి పెట్టకపోతే చెయ్యి ఊరుకునేది కాదు.

అన్నీ ఒకేలా ఉంటే ఏం బాగుంటుంది? ఒక్కో బొమ్మలో పిచ్చుక ఒక్కో చోట ఉండాలనిపించింది. బొమ్మ బొమ్మకీ మారే అంకె ఏముందా అని చూస్తే, ప్రోగ్రాము పొడుగే కనపడింది. ఎన్ని లైన్లుంటే బట్ట మొదట్నుంచి అన్ని పేకల తర్వాత పిచ్చుక వాలుతుంది. రెండు ప్రోగ్రాములకి లైన్లు సమానమైతే ఒకదాంట్లో ఖాళీ లైను కలిపేదాన్ని. నీకు దొరికిన ఖాళీ లైన్లు అవే. అప్పట్లో నాకున్న తెలివి అంత. అంచు చూసి అది ఏ నంబరు బొమ్మో చెప్పగలను, ఇక్కడ ఇంకెవరూ చెప్పలేరు.

తీసెయ్ అని ఎందుకు రాశానా? యాభై ఏళ్ల మనిషి ఉద్యోగంలో కూర్చుని పిచ్చుకలు నేసిందని మీ పెద్దాయన ముందు ఎలా చెప్పను? పైగా అది మీ భాషలో కుదరదన్నావు. నా ముచ్చట కోసం నీ రెండేళ్ల పని పాడవ్వాలా? గుండె రాయి చేసుకుని రాశాను. కొత్త మగ్గం మీంచి మొదటి బట్ట దిగగానే, ఒద్దనుకుంటూనే, అంచు చూశాను. ఖాళీగా ఉంది. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

ఇప్పుడు చెప్పేశాను. ఏం చెయ్యగలవో చెయ్యి. చెయ్యలేకపోతే, చెప్పేశాను కదా, అదే చాలు.

పిన్ని

*

మూడో అంతస్తు
సెప్టెంబరు 24

పిన్నీ,

చెయ్యగలను! చేసేశాను! మొదట్నుంచీ చెబుతా ఉండు.

నీ ఉత్తరం కత్తెరకి ఇచ్చాను. (క్షమించు. ఆయన నవ్వలేదు, ఒట్టు.) ముందు నేనొక తిక్క పని చేద్దామన్నాను, ప్రోగ్రాము తన లైన్లు లెక్కపెట్టుకోవడాన్ని భాషలోకి తెచ్చేద్దామని. ఆయన బల్ల మీద వేలితో కొట్టి, "మీ పిన్నికి కావలసింది లైన్ల లెక్కా, పిచ్చుకా?" అన్నాడు.

పిన్నీ, రెండేళ్లుగా మేం చూడని సంగతి అది! ప్రోగ్రాము మార్చేవాళ్లకి ఏది పోయినా పర్లేదో, ఏది పోకూడదో ఎలా తెలుస్తుంది? రాసినవాళ్లు చెబితేనే తెలుస్తుంది. చెప్పేందుకు భాషలో మాట ఉండాలి కదా. మా భాషలో అలాంటి మాటే లేదు! దారిలో ఉన్న పనికిరానివన్నీ తీసెయ్యడమే నేర్పాం దానికి. దానికి నీ పిచ్చుక కూడా పనికిరానిదే అయింది.

అందుకని కత్తెర, అన్నీ కత్తిరించే ఆ మనిషి, తన చేత్తో మొదటిసారి భాషలో ఒక మాట కలిపాడు. "ఉంచు." అంతే. ఏ ముక్క మీద ఉంచు అని రాస్తే, ఏం మార్చినా, ఎంత సర్దినా, అది బట్టలో కనపడి తీరాలి. కనపడకపోతే కంప్యూటరే ఒప్పుకోదు. అది లేకుండా నియమాలు రాసినందుకు నాకు సిగ్గేసింది, కానీ ఎంత ఆనందంగా ఉందో! పంతొమ్మిది నియమాలూ మళ్లీ సరిచూశాం. మూడు మార్చాల్సి వచ్చింది. మిగతావి నిలబడ్డాయి.

రెండు మార్పులు మాత్రం నీకు చెప్పి చేస్తున్నాను, ఈసారి అడగకుండా కాదు. ఒకటి, లైన్ల లెక్క పోయింది. బదులుగా పిచ్చుక ముందు గింజలు పెట్టాను, మూడు కుప్పలు, వందలు, పదులు, ఒకట్లు. రెండు వందల ఏడో బొమ్మయితే రెండు గింజలు, ఖాళీ, ఏడు గింజలు. రెండు, కొత్త మగ్గానికి మన అంచు లేదు కాబట్టి పిచ్చుకని ఇరవై నాలుగు పోగులు లోపలికి జరిపాను. అంటే ఇక మీదట అది బట్టలోనే ఉంటుంది. దర్జీ కత్తిరించలేడు. మేనేజరుకి కనపడుతుంది. ఒప్పుకుంటావా?

ఒప్పుకుంటావనే పెన్‌డ్రైవ్ కూడా పెట్టాను. ఇరవై నాలుగు గంటల్లో చేరే పోస్టులో వేశాను.

నీ పిచ్చుక

*

మిల్లు, డిజైను గది
అక్టోబరు 6

పిచ్చుకా,

ఒప్పుకోకపోతే వింటావా నువ్వు?

ముప్ఫయ్యో తారీకున ఎక్కించాం. ఒకటిన పాత మగ్గాలు లారీ ఎక్కాయి. ఏడుస్తాననుకున్నాను, తీరిక దొరకలేదు. అదే గంటకి కొత్తదాని మీంచి నూట పద్దెనిమిదో బొమ్మ దిగుతోంది. మూలన పిచ్చుక, ముందు ఒక గింజ, ఒక గింజ, ఎనిమిది గింజలు. దారపు కొసలు తెంపుతున్నట్టు నటిస్తూ దానిమీద చెయ్యి వేసి నిలబడ్డాను.

మేనేజరు చూడనే చూశాడు. "ఏమిటిది? మచ్చా?" అన్నాడు. పిచ్చుక అన్నాను. "ఆర్డరులో లేదుగా, తీయించండి" అన్నాడు. సరేనండి అన్నాను, ఇంకేమంటాను. ఎప్పుడూ అన్న మాటే. నాలుగు రోజులు తీయించలేదు, అంతే.

రెండో తారీకున నమూనాకి పంపిన కొత్త బట్ట ముక్క ఒకటి నిన్న కొనుగోలుదారు దగ్గర్నుంచి వాపసు వచ్చింది, రంగు తేడా అని. చీటీ ఊడిపోయింది. అది ఏ బొమ్మో ఎవరికీ అంతు చిక్కలేదు, మూడు వందల పన్నెండులో తీగల బొమ్మలే నలభై. రిజిస్టర్లు తెరిచారు. నేను వెళ్లి మూల చూసి "రెండు వందల ఏడు" అన్నాను. మేనేజరు ముక్క దగ్గరికి వంగి, నెమ్మదిగా వేలితో గింజలు లెక్కపెట్టుకున్నాడు. రెండు, ఖాళీ, ఏడు. లేచి నా మొహం చూశాడు. "ఎవరు పెట్టారిది?" అన్నాడు.

ఇరవై రెండేళ్లు నోరు మూసుకున్న మనిషిని. చెప్పేశాను. "పిచ్చుక మా అక్క కూతురండి. పెట్టింది నేను. గింజలు తను వేసింది" అన్నాను. గదిలో అందరూ విన్నారు, నా చెవులకి తెలియదు కాబట్టి ఎంత గట్టిగా అరిచానో ఏమో. ఆయన ముక్క మడత పెట్టి నా చేతికిచ్చి, "తీయించకండి" అన్నాడు.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగు రోజుల నుంచి నీ భాష నేర్చుకుంటున్నాను. పెట్టె 7 లేకుండా చేతులు కట్టేసినట్టుంది, కానీ ఎక్కడి ముక్కనైనా ఎత్తి ఎక్కడైనా పెట్టుకోవచ్చంటే గర్వంగా కూడా ఉంది. మూడు వందల పదమూడో బొమ్మ నా చేత్తో రాశాను, అచ్చు తీసి పంపుతున్నాను. తప్పులుంటే దిద్దు. వెడల్పు చెయ్యి, తిప్పు, ముక్కలు చెయ్యి, నీ ఇష్టం, ఇక నేనేమీ అనను.

మొదటి లైను మాత్రం చూసి ముట్టుకో. "ఉంచు: పిచ్చుక."

పిన్ని